చిట్టి కావలెను

“ఏదీ, ఒకసారి తల పైకెత్తు.”

ఉద్యోగానికొచ్చిన అమ్మాయి బిక్కమొహం వేసింది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి సేవ చేసే మనుషుల్ని పంపే ఏజెన్సీ అది. పక్క తిప్పడం వచ్చా, స్నానం చేయించగలవా అని అడుగుతారనుకుంటే, మేడమ్ గడ్డం కింద చూస్తోంది. పైగా తను మాత్రం ముక్కు దాకా మాస్కు. అది తీసిన పాపాన పోదని బయట బెంచీ మీదే తోటివాళ్ళు చెప్పి నవ్వారు.

“మచ్చల్లేవు. పద, ఇప్పుడే వెళ్దాం.”

దారిలో మేడమ్ గబగబా చెప్పుకొచ్చింది. “పెద్దావిడకి పక్షవాతం. ఎడమవైపు పడిపోయింది. మతిమరుపు కూడా. మన అమ్మాయి ఎవరెళ్ళినా కూతురనుకుని చిట్టీ అంటుంది. పలుకు. కాదని మాత్రం అనకు. పాతమ్మాయి మానేసి రెండు రోజులైంది, అప్పట్నుంచీ ముద్ద ముట్టలేదు.”

“మచ్చ ఉంటే ఏమవుతుంది మేడమ్?”

“చిన్నప్పుడు మెట్ల మీద ఆవిడ చెయ్యి వదిలేస్తే కూతురు పడింది. మంచాన పడ్డాక ఒకసారి గడ్డం కింద మచ్చ కనిపించేసరికి, నా వల్లేనంటూ తల బాదుకుంది. మూడు రోజులు పస్తు. ఆపడం ఎవరి తరమూ కాలేదు.”

ఇంటికి చేరాక మేడమ్ గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మాయి లోపలికి నడిచింది.

“వచ్చావా చిట్టీ?”

“వచ్చానమ్మా.”

పెద్దావిడ కుడిచెయ్యి మెల్లగా లేచి ఆమె గడ్డం కింద తడిమింది. “నాలుగు కుట్లు పడ్డాయే తల్లీ, నేను చెయ్యి వదిలేయబట్టి...” వేళ్ళు మళ్ళీ మళ్ళీ వెతికాయి. “మచ్చ లేదే! మానిపోయిందా?”

అమ్మాయి గడ్డం ఇంకాస్త పైకెత్తింది. “పూర్తిగా మానిపోయిందమ్మా.”

పెద్దావిడ గుండెల మీంచి బండ దిగినట్టు నిట్టూర్చి నోరు తెరిచింది. అమ్మాయి తినిపిస్తుంటే గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. తింటూ తింటూ గుమ్మం వైపు చూసింది.

“ఆఫీసావిడకి కుర్చీ వెయ్యవే. పాపం, ఎంతసేపని నిలబడుతుంది? మీ అమ్మగారు కులాసానా అమ్మా?”

“కులాసాగానే ఉన్నారండీ,” అంది మేడమ్.

సాగనంపడానికి గేటు దాకా వచ్చిన అమ్మాయి ఇక ఉండబట్టలేకపోయింది. “ఏమనుకోకండి మేడమ్. కన్నతల్లి అంతలా కలవరిస్తుంటే ఆ కూతురు ఎక్కడ చచ్చింది? ఒక్కసారొచ్చి మొహం చూపిస్తే దాని సొమ్మేం పోయింది?”

“రెండు గంటలకోసారి పక్క తిప్పు. మర్చిపోకు.”

“నేనైతే అలాంటిదాన్ని గడప తొక్కనివ్వను.”

“తొక్కనివ్వకు.” మేడమ్ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసింది. మొదటిసారి మాస్కు విప్పి, తల పైకెత్తి గటగటా తాగింది.

గడ్డం కింద నాలుగు కుట్ల మచ్చ.