మూరెడు దూరంలో

మాచర్లలో బస్సు కదలగానే రత్నకుమారి ఒళ్లో కాగితాలు గాలికి ఎగిరిపోయాయి.

పక్కసీటు పెద్దాయన వంగి, సీట్ల కింద పడ్డవన్నీ ఏరి ఇచ్చాడు. ఆఖరి కాగితం దగ్గర ఆగిపోయాడు.

"ఏంది తల్లీ ఈ గొట్టం?"

"రియాక్టర్, బాబాయ్. గ్యాస్‌ని డీజిల్‌గా మారుస్తుంది. లోపల ఎక్కడ ఎంత వేడి పుడుతుందో కంప్యూటర్లో లెక్క కడుతున్నా. హైదరాబాదులో, పీహెచ్‌డీకి."

"ఏడ ఎక్కువని ఏశావు?"

"నడిమధ్యలో."

"కాదమ్మా. గ్యాస్ లోపలికొచ్చే కాడ, మూరెడు దూరంలో. కొత్త గ్యాస్ తగలంగానే గొట్టంలో నింపిన మందు గుళికలు కాగిపోతయ్. ముందుకు పొయ్యేకొద్దీ గ్యాసూ తగ్గుద్ది, వేడీ తగ్గుద్ది. ఆడ చానా జాగర్తగా చూసుకో."

మూడేళ్ల పరిశోధనకి బస్సులో పాఠమా! ఆమె ముభావంగా తలాడించి కాగితాలు సంచిలో పెట్టేసింది.

"రెంటచింతల వచ్చింది, దిగు నెహెమ్యా!" కండక్టర్ కేకేశాడు. పెద్దాయన దిగిపోయాడు.

ఆ నెలంతా లెక్క తేలలేదు. ఎన్నిసార్లు వేసినా ఉష్ణోగ్రత వేల డిగ్రీలు దాటిపోయేది.

థీసిస్ ఇవ్వడానికి గడువు మూడు వారాలే ఉంది. ఇక గత్యంతరం లేక, గొట్టం మొదటి మూరని సన్నసన్నని ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌కి లెక్క ఎక్కించే కార్డులన్నీ మళ్లీ పంచ్ చేయించింది.

లెక్క నిలబడింది. అన్నిటికన్నా ఎక్కువ వేడి మూరెడు దూరంలోనే ఉంది.

ఆ వారమే స్వీట్లు కొనుక్కుని రెంటచింతల వెళ్లింది.

"పోయిన ఆదివారమే సమాధి చేశాం తల్లీ," అంది నెహెమ్యా భార్య.

రత్నకుమారి స్వీట్ల పొట్లం సంచిలో పెట్టేసింది.

"ఏం పని చేసేవారు పిన్నీ?"

"ఎప్పుడో ఫ్యాక్టరీలో చేసి మానేసొచ్చాడు. ఆనక సున్నపు బట్టీలో. ఏదీ నోరిప్పి చెప్పే మనిషి కాదు."

థీసిస్ మొదటి పేజీలో ఆమె ఒక వాక్యం రాసింది: "బస్సులో నా తప్పు దిద్దిన రెంటచింతల నెహెమ్యా గారికి కృతజ్ఞతలు."

పరీక్షించడానికి బయటి ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ చెన్నకేశవులు ఆ పేజీ దాటి ముందుకు వెళ్లలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇరవై ఏళ్ల కిందట మేమూ ఇలాంటి రియాక్టర్ నడిపామమ్మా. ఒకరోజు వేడి అదుపు తప్పితే ఇంజనీర్లం ఎనిమిదిమందిమీ బయటికి పరిగెత్తాం."

ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

"లోపలే నిలబడి, గ్యాస్ కట్టేసి, మమ్మల్ని బతికించిన ఆపరేటర్ మీ రెంటచింతల నెహెమ్యానే."