వెంకటమ్మ మాల్ చూసిన రోజు

“కొంచెం ఈ పక్కకు తిరుగు. గడ్డం పైకెత్తు,” అన్నాడు ఓబులేసు, ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని.

వెంకటమ్మ తిరిగింది. గడ్డం ఎత్తింది. ఆమె వెనుక గాజు లిఫ్టు పైకీ కిందికీ పోతోంది. రాష్ట్రం దాటి వచ్చి, బెంగుళూరు ఊరి చివర ఇంత పెద్ద మాల్‌లో నిలబడతామని పొద్దున ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

“లిఫ్టు పడిందా?” అంది.

“పడింది.”

ఫొటోలో లిఫ్టు లేదు. ఆమె మొహం ఒక్కటే ఉంది.

పొద్దున ఆసుపత్రిలో డాక్టరు వెంకటమ్మను బయట కూర్చోబెట్టి, ఓబులేసును ఒక్కడినే లోపలికి పిలిచాడు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నాడు. నాలుగు నెలలు, మహా అయితే ఐదు అన్నాడు. ఓబులేసు బయటికి వచ్చి, “పేగులో పుండంట. మందులేసుకుంటే మానిపోతాదంట,” అని చెప్పాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెతో ఆడిన అతి పెద్ద అబద్ధం అదే. సొంతూరు ఆళ్లగడ్డ చేరేదాకా దాన్ని నిలబెట్టుకోవాలి. అక్కడ కూతురు గీతాంజలి ఉంటుంది, ఎలా చెప్పాలో ఆ పిల్ల చూసుకుంటుంది.

బస్సు సాయంత్రం ఆరింటికి. అంతసేపు ఎదురెదురుగా కూర్చుంటే తన మొహం చూసి పట్టేస్తుందని భయపడి, మాల్‌కు పోదామన్నది అతనే.

“మాల్‌కా? మనమా?” అని నవ్వింది ఆమె. నవ్వుతూనే ఆటో ఎక్కింది. దారి పొడవునా కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదువుతూ, అక్షరాలన్నీ మనవే, మాటలే వేరని తేల్చింది.

ఫొటో అంటే ఆమడ దూరం పోయే మనిషి వెంకటమ్మ. కూతురి పెళ్లి ఆల్బమ్‌లో కూడా సగం మొహమే దొరుకుతుంది. అలాంటిది ఈ రోజు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడుతోంది. పుండే కదా, మానిపోతుందన్న మాట ఆమెకు ఇంత ధైర్యం ఇచ్చిందనుకున్నాడు ఓబులేసు.

బట్టల షాపు ముందు బొమ్మలకు చీరలు కట్టి ఉన్నాయి. ఒక్కదానికీ తల లేదు.

“ఏందీ, తలకాయలు యాడ పాయె?” అంది వెంకటమ్మ.

“వీళ్లు పెట్టరంట.”

“నీ కాడికి పంపిస్తే పెట్టిస్తువు గదా.”

ఓబులేసు రాతి పనివాడు. పోయినవాళ్ల ఫొటోలు చూసి విగ్రహాలు చెక్కడంలో పేరున్నవాడు. కానీ ఆ మాటకు నవ్వలేకపోయాడు. “ఆ బొమ్మ పక్కన నిలబడు. నా వైపు చూడొద్దు, అద్దంలోకి చూడు,” అన్నాడు. ఆమె కదలకుండా నిలబడింది.

పై అంతస్తులో కమ్మలు అమ్మే పిల్ల ఒకతి ఆమెను పిలిచి, చెవులకు ఇంతింత లోలాకులు పెట్టింది. వెంకటమ్మ సిగ్గుపడింది.

“అవి తీసెయ్. నీవి పెట్టుకో,” అన్నాడు ఓబులేసు.

ఆ పిల్ల మొహం మాడ్చుకుంది. వెంకటమ్మ తన పాత కమ్మలు పెట్టుకుని, “మా ఆయప్పకు పాతవే బాగుంటాయిలేమ్మా,” అని సర్ది చెప్పి, చెవి మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుంది. ఓబులేసు ఆ చెవినీ ఫొటో తీసుకున్నాడు.

ఫుడ్ కోర్టులో ఆమెకొకటి, తనకొకటి ఐస్‌క్రీం కొన్నాడు. ఆమె రెండు చెంచాలు తిని పక్కన పెట్టింది.

“చాగలమర్రి వాళ్లు నిన్న ఫోన్ చేసినారు. వాళ్లమ్మ విగ్రహం ఏమాయె అని అడుగుతాండారు. సంవత్సరీకం నాటికి కావల్లంట.”

“చేస్తాలే.”

“బేగా చేసియ్యప్పా. పాపం, ఎదురు చూస్తాంటారు.”

చిన్న పిల్లలను ఎక్కించుకున్న బొమ్మ రైలు ఒకటి గంట కొట్టుకుంటూ బల్లల మధ్య నుంచి పోయింది. పెట్టెలో ఇరుక్కుని కూర్చున్న ఒక లావుపాటి తండ్రిని చూసి వెంకటమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వునూ ఓబులేసు పట్టుకున్నాడు.

“ముప్పై ఏండ్లు రాళ్లనే చూస్తాంటివి,” అంది ఆమె. “ఇయ్యాల నన్ను చూస్తాండావు.”

“పనిలో పడి యాడ తీరె.”

“తప్పని అంటిన్యా? బాగుండాది.”

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. ఐస్‌క్రీం పంటికి తగిలి జివ్వుమందని చెప్పి మొహం తిప్పుకున్నాడు. ఆమె తన చెంగు అందించింది.

ఐదయింది. ఇంకొక్క ఫొటో మిగిలింది. దాన్ని ఏమని అడగాలో ఓబులేసుకు తోచలేదు. లిఫ్టు, బొమ్మ, కమ్మలు, అన్ని సాకులూ అయిపోయాయి. పైగా పొద్దుటినుంచీ ఆమెకు చెప్పకుండా ఆమె సొమ్మే దొంగిలిస్తున్నట్టు అతనికి లోపల ఒకటే పీకుతోంది. ఇక చాలనుకుని ఫోన్ జేబులో పెట్టేశాడు.

“పోదాం పా. ఆటో దొరకడం కష్టం.”

వెంకటమ్మ కదలలేదు. మందుల సంచి కింద పెట్టింది. అతనికి వీపు పెట్టి, అంచునున్న రెయిలింగు వైపు తిరిగింది. రెండు చేతులతో ముడి సర్దుకుని, మెడ మీద చీర సరిచేసుకుని, వంగిన నడుమును నిటారుగా నిలబెట్టింది.

“ఏందే?” అన్నాడు ఓబులేసు.

“ఎనకపక్క గూడా తీసుకోప్పా, రాయికి కావల్ల గదా.”