సోమవారం రమ్మన్నారు

శుక్రవారం పొద్దుగూకేలోగా హైదరాబాద్ క్యాంపులో ఉండాలి. ఆదివారం సిద్దిపేటలో క్లబ్బుల కప్పు ఫైనలు.

అనూహ్య కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. ముద్ద నోట్లోకి పోవడం లేదు.

పదిహేడేళ్లకే జూనియర్ ఇండియా వాలీబాల్ క్యాంపుకు పిలుపొచ్చింది. అందులో కాలు పెడితే నెల దాకా బయటికి వదలరు. నెగ్గినవాళ్లను అటునుంచి అటే విమానం ఎక్కిస్తారు. కానీ క్లబ్బులో బంతి లేపి ఇచ్చేది అనూహ్యే. ఆమె లేకపోతే మిగతా ఐదుగురూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

క్లబ్బు నడిపే కోచ్ నరహరి చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడ్డాడు.

"పొమ్మనలేను, ఉండుమనలేను అవ్వా. పోతె క్లబ్బు మునుగుతది. ఉంటె పిల్ల మునుగుతది."

"ఆ క్యాంపు సారుకు నువ్వే ఫోను కొట్టరాదు?" అంది అనూహ్య అమ్మమ్మ సుశీలమ్మ.

"క్లబ్బోళ్ల గొంతు వింటెనే మండిపడతడు. పొద్దుగాల అనూహ్య ఫోను చేస్తె, ఇంట్ల పెద్దోళ్లతోని మాట్లాడిపియ్యి అన్నడట. నువ్వే మాట్లాడాలె."

అనూహ్యకు అమ్మమ్మ, అమ్మ, బాపు అన్నీ సుశీలమ్మే. భర్త భివండి మగ్గాలకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. కూతురు నాలుగేళ్ల అనూహ్యను ఒడిలో వేసి, రెండేళ్లల్ల వస్తనని దుబాయి పోయింది. ఇప్పటికీ పండుగలకు ఫోనులో వినిపిస్తుంది, అంతే. అందుకే ఎవరు బయల్దేరినా సుశీలమ్మకు కన్నీళ్లాగవు. పక్కింటి కోడలు పుట్టింటికి పోయినా ఆమె కొంగు తడుస్తుంది. వాడకట్టంతా నవ్వుకుంటుంది.

"సోమారం వస్తదని చెప్పు అమ్మమ్మా. ఒక్కసారి అడుగు." అనూహ్య అమ్మమ్మ ఫోనులోనే నంబరు కలిపి ఆమె చేతిలో పెట్టింది.

"నమస్తె సారూ. సిద్దిపేటకెల్లి. అనూహ్య అమ్మమ్మను... గదే సారూ, ఆదివారం ఫైనలున్నది. ఒక్క రెండ్రోజులు ఓపిక పట్టున్రి. సోమారం పొద్దుగాల పిల్ల మీ గేటు కాడుంటది."

అవతల గొంతు గబగబా ఏదో అంటోంది. మాటలు బయటికి తెలియడం లేదు.

"గట్లనకున్రి సారూ. దానికి దిక్కు నేనొక్కదాన్నే. మీ ఇంట్ల గూడ ఆడపిల్లలుంటరు గద!"

ఆమె మెల్లగా గోడవైపు తిరిగింది. చాలాసేపు ఫోను చెవికి ఆనించుకునే ఉంది.

"మంచిది సారూ. సోమారమే. మీ కడుపు సల్లగుండ."

ఫోను రొంటిన దోపుకుని ఇటు తిరిగింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమన్నడే?" అనూహ్య ఆమె భుజాలు పట్టుకుంది.

"రమ్మన్నడు. సోమారం."

అనూహ్య అమ్మమ్మను అమాంతం ఎత్తి గిర్రున తిప్పింది. "అవ్వా, నిన్ను తీస్కపోయి ఢిల్లీల కూసోబెట్టాలె!" అన్నాడు నరహరి.

"మళ్లమళ్ల ఫోను చెయ్యకున్రి. చిరాకు పడుతుండు," అంది సుశీలమ్మ.

ఫైనలుకు ముందురోజు సుశీలమ్మ గ్రౌండు పక్కన కూర్చుని పిల్లల ఆట చూస్తుంటే ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

"ఎత్తవేంది అమ్మమ్మా?" అంది నీళ్లకు వచ్చిన భరణి, అనూహ్య జట్టు పిల్ల.

"లోన్ ఇస్తమనెటోళ్లు. గీ వయసుల నాకు లోన్ ఎందుకే, కాటికి బండి కొననీకా?"

భరణి పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆదివారం అనూహ్య ఒంట్లో బరువే లేనట్టు ఆడింది. దిగులు దిగిన పిల్ల కదా. ఆమె ఎక్కడికి లేపితే అక్కడ భరణి చెయ్యి సిద్ధంగా ఉంది. కప్పు చేతికి రాగానే పిల్లలంతా కలిసి అనూహ్యను భుజాల మీద ఎక్కించుకున్నారు. "ఇంక నువ్వు ఇండియా దానివే, మా దానివి కాదు," అని ఏడిపించారు.

సోమవారం తెల్లవారుతూనే జట్టంతా బస్టాండుకు వచ్చింది. అందరి చూపూ సుశీలమ్మ కొంగు మీదే. ఇవాళ బస్టాండు కొట్టుకుపోతుందని భరణి పందెం కూడా కాసింది.

సుశీలమ్మ మూట అందించింది. అనూహ్య విప్పి చూసింది.

"రెండే సర్వపిండ్లా? నెల దాకా ఉండేదాన్ని!"

"ఎక్కువైతె ఎండిపోతయి తియ్. దోవల తిను."

"ఏడుస్తలేవేంది మరి? నా మీద పావురం, ప్రేమ లేవా?"

"ఏడ్సి సాగనంపినోళ్లు ఎవలొచ్చిన్రే నాకు? నిన్ను నవ్వుకుంట తోలిస్త."

అనూహ్య ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. బస్సు మలుపు తిరిగింది. పందెం ఓడిపోయిన భరణే వెక్కివెక్కి ఏడ్చింది.

"గట్టి గుండెనే నీది అవ్వా," అన్నాడు నరహరి.

సుశీలమ్మ ఇంటికి వచ్చి రాత్రికి ఇద్దరికి సరిపడా బియ్యం నానబోసింది: ఆనాడు ఆ సారు, 'శుక్రవారం రాకుంటే పేరు కొట్టేస్తం' అని ఫోను పెట్టేసిన తర్వాతే ఆమె గోడతో 'మంచిది సారూ, సోమారమే' అన్నది.