పట్టీ ఎర్రబడిన రోజు

ఆశ్రయంలో అందరి చేతులకూ పట్టీలుంటాయి. భయపడితే ఎర్రబడతాయి. ముప్పై రోజులు ఏ పట్టీ ఎర్రబడకపోతే, ఆ కుటుంబానికి పట్నంలో ఇల్లిచ్చి పంపేస్తారు. ఒకే పళ్లెంలో తినేవాళ్ళే కుటుంబమని లెక్కగట్టేది అక్కడి మాట్లాడే గోడ.

ముప్పయ్యో రోజు పొద్దున రేణమ్మ మూట కడుతుంటే, వంటమనిషి బుచ్చిలింగం ఆమె కూతురు స్వర్ణ వెనక గుండిగ మూతను ధడేలున పడేశాడు.

పిల్ల నవ్వింది. "నువ్వే అని నాకెరుకే తాతా!"

"ఒక్కసారి జడుసుకుంటే ఏం పోతుండె నీకు!" అని కసిరాడు. భార్య పోయాక అతని పళ్లెంలో చెయ్యి పెట్టి తినేది ఆ పిల్లే.

గోడ పలికింది: "ఈ కుటుంబంలో ఒకరు భయపడుతున్నారు. మరో ముప్పై రోజులు ఉండండి."

రేణమ్మ తన పట్టీ, కూతురి పట్టీ చూసింది. రెండూ పచ్చగానే ఉన్నాయి.

"నీదే ఎర్రగున్నది మామా."

బుచ్చిలింగం చెయ్యి తువ్వాలులో దాచుకున్నాడు. "మూట విప్పు. బువ్వ చల్లారుతున్నది."