కిటికీలో ఇరుక్కున్న కథ

మా ఆడపడుచుకు నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. నాకు ఇవాళ చెప్పింది ఇవాళే వినపడదు. అందుకే ఫోన్లో మా ఇద్దరికీ బ్రహ్మాండంగా కుదిరింది.

రోజూ ఒకటే కథ. తాళం వేసి ఉన్న సొంత ఇంట్లోకి వాళ్లాయన కిటికీలోంచి దూరబోయి ఇరుక్కుపోయిన కథ. ఒకరోజు నాకు కిటికీ వరకు వినపడేది, ఇంకోరోజు నిచ్చెన ఒక్కటే. పోలీసులు వచ్చేసరికి నెల పట్టింది.

నా "ఆఁ? ఏంటీ?" అరుపులు భరించలేక కోడలు నిన్న నా చెవికి మిషను పెట్టించింది. దాంతో మొత్తం కథ ఒక్క ఊపులో వినేశాను. ఇంటి తాళంచెవి ఆయన జేబులోనే ఉందట! పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

ఇవాళ మళ్లీ ఫోన్.

"వదినా, నీకో తమాషా చెప్పనా? మా ఆయన ఓసారి కిటికీలో..."

"తాళంచెవి జేబులోనే ఉందిగా!" నోరు జారాను.



"ఇది నీకు ముందే చెప్పానా, వదినా?"

గొంతు వణికింది. పాడు మిషను, ఆ వణుకు కూడా వినిపించింది.

"నువ్వెక్కడ చెప్పావు? మావాడు తాళంచెవి కోసం ఇల్లంతా వెతుకుతుంటే వాడితో అన్నాను. నువ్వు మొదట్నించీ చెప్పు!"

మిషను పీకి బల్ల మీద పెట్టాను.

"ఆఁ? ఏంటీ? కిటికీనా? గట్టిగా చెప్పు!"

కోడలు పరిగెత్తుకొచ్చింది. "ఏంటత్తయ్యా, మిషను పనిచెయ్యట్లేదా?"

"చేస్తోందమ్మా. మరీ ఎక్కువ చేస్తోంది."