చీటీలో పోయిన వార్డు

మా మూడో వార్డు మెంబరు ఎన్నికలో నా మనవడు నగేష్‌కు, ఎదుటి మనిషికి చెరి తొంభై ఎనిమిది ఓట్లు వచ్చాయి. అధికారి చీటీ తీయించారు. నగేష్ ఓడిపోయాడు.

ఇంటికి రాగానే వాకిట్లో అందరినీ నిలబెట్టి, ఎడమ చేతి వేళ్లు చూపించమన్నాడు. సిరా గుర్తు లేనివాళ్లే తనను ముంచారట.

పక్కింటి సుక్కమ్మ వేలు చాచింది. "సూస్కో బిడ్డా. తుర్కపల్లి కంపెనీ కాడికెల్లి నన్ను నువ్వే గదా ఆటోల తెస్తివి. పొద్దుగాల సంది ఒంటిగంటకు పోలింగు గేటు మూసేదాంక ఓటర్లను తిప్పుతనే ఉంటివి. ఇంకెవరు మిగిలిన్రు?"

నలభై ఏళ్లుగా ప్రతి ఎన్నికకూ వార్డు జాబితా రాసుకుని, ఓటేసి వచ్చినవారి పేరు పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. మా ఇంటి ఓటు ఒక్కటీ ఎన్నడూ తప్పలేదని ఆ పుస్తకమే సాక్ష్యం.

"అవ్వా, నీ బుక్కుల జూడు. ఊర్లె ఉండి రానోడెవడో జెప్పు. గల్లా వట్టి అడుగుత," అన్నాడు నగేష్, ఎవరి చొక్కా కాలరో పట్టుకున్నట్టు పిడికిలి బిగించి.

చూశాను. ఊళ్లో ఉండీ టిక్కు పడనిది ఒక్క పేరే ఉంది. పుస్తకం వాడికే ఇచ్చాను.

కుడి చేతిలో ఆటో తాళం ఉండడంతో నగేష్ ఎడమ చూపుడు వేలితో వరుసలు వెతుక్కుంటూ వచ్చి, తన పేరు దగ్గర ఆగాడు. వేలు శుభ్రంగా ఉంది.

"ఇగ వట్టు బిడ్డా, గల్లా," అంది సుక్కమ్మ.