కాకి విన్న మాట

"గీ సందులకెల్లి ముంగిస రాదా? ఇటుక తీసి మళ్ళ పెట్టు" అంది వనజ.

అంబదాస్ తాపీ పక్కన పెట్టి ఆ సందు వంక చూశాడు. చిటికెన వేలు కూడా పట్టని సందు. పెరట్లో కోళ్ళ గూడు కట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ భార్య ఇట్లాగే ప్రాణం తీస్తోంది. కింద మట్టి ఉంటే ఏదన్నా తవ్వుకుని వస్తుందంది, బండలు పరిచాడు. ముందువైపు ప్లాస్టిక్ జాలీ కడితే పీకించి ఇనుప జాలీ కొట్టించింది. వాన జల్లు పడకుండా తలుపు తూర్పుకు తిప్పించింది. ఆ తలుపుకు ఒక గడియ చాలదట, మీదొకటి కిందొకటి. ఇంతా చేసి అందులో ఉండబోయేది ఒకే ఒక్క నల్లకోడి.

చిత్రమేమిటంటే మనిషి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పొద్దంతా సాంచాల కార్ఖానాలో నిలబడి బట్ట నేసి వచ్చినవాడు కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇటుక అందుకున్నాడు. నిజమే, దానికేమన్నా అయితే ఎట్లా అన్నాడు. పక్కింటి మంజుల గోడ మీంచి తొంగిచూసి, మా ఇంటి తలుపుకన్నా మీ కోడి తలుపే గట్టిగా ఉందని నవ్వింది. వనజకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కోడి అత్తది, అంబదాస్ తల్లి దేవవ్వది. పోయే ముందు రోజు సాయంత్రం ముసలామె మంచంలోంచి కోడలి చెయ్యి పట్టుకుని, జర కోడి శోర్వ తాగబుద్ధవుతోందని అడిగింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కోడే, అదీ గుడ్లు పెడుతున్నది. "నువ్వు బిడ్డ లెక్క సాదిన కోడి అత్తా, కోస్తే పాపం గాదా" అని వనజ తప్పించుకుంది. తెల్లారేసరికి దేవవ్వ లేదు. ఆ మాట వనజ ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? మొగుడు వింటే మళ్ళీ తన మొహం చూస్తాడా?

పోయిన మూడొద్దుల నాడు, కాకి ముట్టాలని పిట్టకు పెట్టారు. ఇస్తారిలో అన్నం, మాంసం, పక్కన కల్లు పెట్టి అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకులు కరెంటు తీగ మీద బారుగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగలేదు. పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోతేనే పిట్ట ముట్టదంటారు. ఎండ నెత్తికెక్కింది. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ కోడిని సాకుగా చూపి అత్త నోటికి శోర్వ అందకుండా చేసిందో, ఆ కోడి మీదే వనజ ఒట్టు పెట్టుకుంది. నీ కోడి మీద కత్తి పడనియ్య అత్తా, అది చచ్చేదాకా సాదుకుంటా, నన్ను మన్నించమని కళ్ళు మూసుకుని మనసులోనే వేడుకుంది. కళ్ళు తెరిచేసరికి కాకి ఇస్తారిలో ఉంది.

చెబితే నమ్మరు గానీ, ఆ నాటి నుంచి కోడి కోడిలా లేదు. పొద్దు గూకగానే అత్త మంచం ఉండే మూలకు తిన్నగా నడిచిపోయి కూర్చునేది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే వంటింటి గడపలో నిలబడి, మెడ పక్కకు వంచి ఒంటి కంటితో చూసేది. ఒక కంట్లో పువ్వేసిన దేవవ్వ అచ్చం అట్లాగే చూసేది. అది గొంతులోనే కొర్‌కొర్‌మని సన్నగా మూలుగుతుంటే, అడిగింది ఇయ్యవా బిడ్డా అన్నట్టే వినబడి వనజ మొహం పొయ్యి వైపు తిప్పుకునేది. ముంగిసో పిల్లో దాన్ని ఎత్తుకుపోతే ఆ ఒట్టు ఏమవుతుందనే భయం ఆమెను కుదురుగా అన్నం తిననివ్వలేదు.

నెల మాసికం ముందటి రోజుకు గూడు తయారయింది. రేపు కూరకు ఏం తెస్తావని వనజ అడిగితే, అది తాను చూసుకుంటానని, ఫికర్ చెయ్యొద్దని అన్నాడు అంబదాస్. కోడిని లోపలికి తోలబోతే అది మాత్రం ససేమిరా పోలేదు. గింజలు చల్లాడు, గంప అడ్డం పెట్టాడు. తప్పించుకుని మళ్ళీ ఆ మూలకే పరుగెత్తింది. అలిసిపోయి అతను బజారుకు పోయాడు.

ఇంట్లో ఎవరూ లేరు. వనజ ఆ మూలలో చతికిలబడి కోడికి చేతులు జోడించింది.

"అత్తా, నీ కోసమే కట్టించిన. లోపలికి పో."

కోడి లేచింది. ఒంటి కంటితో ఆమెను కాసేపు చూసింది. తర్వాత తొందరేమీ లేకుండా పెరడు దాటి, గూట్లోకి పోయి, అడ్డకర్ర మీద సర్దుకుని కూర్చుంది. వనజ దాని వెనకే వచ్చింది. రెండు గడియలూ వేసి ఆ తలుపుకే తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అత్త మన్నించింది. ఆ పూట కడుపునిండా అన్నం తిని, చాలా రోజులకు ఒంటి మీద తెలివి లేకుండా నిద్రపోయింది.

తెల్లవారి రెక్కల చప్పుడుకు మెలకువ వచ్చి పెరట్లోకి పరుగెత్తింది. గూటి తలుపు బార్లా తెరిచి ఉంది. అంబదాస్ కోడిని కాలి కింద అదిమిపెట్టి, కత్తి బండ మీద నూరుతున్నాడు. వనజ పోయి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

అతను తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"చెయ్యి ఇడువు వనజా. అవ్వ ఆఖరునాడు నన్ను గీ కోడి శోర్వ అడిగింది, పండుగకు కోస్తలే అని ఎల్లిపోయిన. గానాడు పిట్ట ముట్టకపోతే, మాసికానికి దీన్నే కోసి పెడ్తనే అవ్వా అని మనసుల మొక్కుకున్న, గప్పుడే గద కాకి దిగింది."